ఆముదం పట్టిన బ్రేకు

పాండురంగం కారు కొన్నాడని విన్నప్పుడే జంగప్పకు నవ్వొచ్చింది. ఆ కారు బ్రేకులు ఇంట్లో తానే బాగుచేసుకుంటున్నాడని విన్నాక ఆ నవ్వు ఆగలేదు.

తాండూరు బండలను ఎడ్లబండ్ల మీద స్టేషనుకు తోలి తోలి కాంట్రాక్టరైన మనిషి పాండురంగం. హైదరాబాదులో ఎవరో నవాబు ఓ పాత నల్ల కారును వదిలించుకుంటే, ఈయన తగిలించుకున్నాడు. భార్య రాధమ్మ క్షయ నయమై అనంతగిరి మీది ఆస్పత్రి నుంచి శుక్రవారం ఇంటికి రావాలి. బస్సులో కాదు, నా కార్లోనే దించుకొస్తానని వికారాబాదంతా చాటాడు. తీరా చూస్తే బ్రేకు కాలికి ఆనడం లేదు. రెండు రోజులు తానే పానా తిప్పాడు. ఓ స్ప్రింగు ఎగిరిపోయి గడ్డివాములో పడింది. అప్పుడు తాండూరు మెకానిక్కు జంగప్పకు కబురు పంపాడు.

జంగప్ప గురువారం పొద్దుటి రైలుకు దిగి, వాకిట్లో కారును జాకీ మీద లేపి, ముందు చక్రాల డ్రమ్ములు ఊడదీశాడు. డ్రమ్ము లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే పాత బ్రేక్ షూలు తీసి కొత్తవి బిగించాడు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న పాండురంగం నోరు మాత్రం క్షణం మూయలేదు.

"గింతేనా? గిది నాకు రాదా?"

"వచ్చింది గద దొరా. స్ప్రింగు గడ్డి మేసింది."

జంగప్ప పాత షూలను గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టాడు.

"గా చెత్త నా కార్లెందుకురా?"

"సగం పానం ఉంది దొరా వీటికి. కొత్తవి కుదిరేదాక పాతవి పారెయ్యొద్దని మా ఉస్తాద్ చెప్పిండు."

"ఉస్తాదట!" పాండురంగం ఉమ్మేశాడు.

వీధిలో ఓసారి నడిపి చూశారు. తొక్కినచోట ఆగింది, కానీ కీచుమని అరిచింది.

"కొత్తవి గద, నాల్గు దినాలు గట్లనే కూస్తయి. ముట్టకుండ్రి."

మర్నాడు పాండురంగాన్ని పక్కన కూర్చోబెట్టుకుని జంగప్ప కారు తీస్తే, అది కూతలేకుండా బయలుదేరింది. తన చేతి పనికి తానే మురిసిపోయాడు జంగప్ప. దారంతా కొండ ఎక్కుడే, బ్రేకుతో పనిపడలేదు. ఆస్పత్రి గేటు ముందు కాలు గట్టిగా తొక్కాడు. కారు ఆగలేదు. వెన్న మీద జారినట్టు జారి, రెండు పూలకుండీలను పగలగొట్టింది. ట్రంకుపెట్టెతో నిల్చున్న రాధమ్మ ఓ పక్కకు దూకింది. జంగప్ప చేతిబ్రేకు లాగితే బండి ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

చక్రం విప్పి డ్రమ్ము తీయగానే వాసన గుప్పుమంది. ఆముదం! కొత్త షూల నిండా నల్లటి కందెన.

"ఎవరు పూసిండ్రు?"

పాండురంగం మీసం దువ్వుకున్నాడు. "నేనే. రాత్రి డ్రమ్ము తీసి పూసిన. నలభై ఏండ్లల్ల నా ఎడ్లబండి ఒక్కటన్న కూసిందా?"

జంగప్ప నోట మర్యాద జారిపోయింది. "బండి చక్రం తిరగనీకి ఆముదం పూస్తరు. ఇది ఆపేటిది! ఆపేదానికి నూనె పూసినవా? నీకన్న నీ ఎడ్లు నయం, వద్దంటే ముట్టవు."

"ఏందిరా నోరు..."

"మీరిద్దరు ఊకోండ్రి," అంది రాధమ్మ. "జంగప్పా, గీ కారు దిగుతదా, దిగదా?"

"నూనె తాగినయి పనికిరావమ్మా. డ్రమ్ములు పెట్రోలుతోటి కడిగి పాత షూలు ఎక్కిస్త. అవి పలుచగైనయి గని పొడిగున్నయి. మొదటి గేర్ల మెల్లగ దిగొచ్చు. కానీ ఒకరు రాయి పట్టుకొని పక్కన నడవాలె. జారితే చక్రం ముందల వెయ్యాలె."

"ఎవరు నడవాలె?" అన్నాడు పాండురంగం.

ఇద్దరూ ఆయన వైపే చూశారు.

"నేనా? బస్సు ఎదురొస్తే? ఊరోళ్లు చూస్తే?"

"చూడనీ. నన్ను కార్ల దించుతనని చాటినవట గద. దించు," అంది రాధమ్మ.

గంట తర్వాత కారు దిగడం మొదలుపెట్టింది. మల్లెపువ్వులాంటి ధోతిని మోకాళ్లపైకి ఎగ్గట్టి, గుమ్మడికాయంత రాయిని పొట్టకు ఆనించుకుని, కాంట్రాక్టరు దొర పక్కన పరుగెత్తాడు. మూడో మలుపులో షూలు కీచుమన్నాయి, బండి లోయ వైపు జారింది.

"దొరా, రాయి!"

పాండురంగం వెనుక చక్రం ముందు రాయి విసిరి, దాని మీదే బోర్లాపడ్డాడు. కారు దడేలుమని రాయికి తగిలి ఆగింది. సరిగ్గా అప్పుడే కింది నుంచి బస్సు వచ్చి నిలిచింది. కిటికీల నిండా వికారాబాద్ మొహాలు.

"పాండురంగం సాబ్, కారెట్లుంది?" అని ఎవరో అరిచారు. బస్సంతా నవ్వింది.

ఆయన లేచి, ధోతి దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా మళ్ళీ రాయి ఎత్తుకున్నాడు.

కొండ కింద చదునులో జంగప్ప బండి ఆపాడు. రొప్పుతూ వచ్చిన పాండురంగం రాయి పారేయబోయాడు.

"పారెయ్యకు దొరా," అన్నాడు జంగప్ప. "ఇల్లు ఇంక దూరముంది. డిక్కీల పెట్టు."

పాండురంగం డిక్కీ తెరిచాడు. ఖాళీ గోనెసంచి పరిచి, దాని మీద రాయిని జాగ్రత్తగా దించాడు.