నానమ్మ నింపిన సీసా

ఇంటికి చుట్టాలెవరైనా వస్తే చాలు, అత్తగారు మనవడిని వెనక గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేసేది. ఆటిజం ఉన్న ఆ పిల్లవాడికి ఆరేళ్లు. మాటలు తక్కువ, గుమ్మం ముందు చెప్పులను పెద్దవి మొదలు చిన్నవాటి వరకు వరుసగా పేర్చడమంటే ప్రాణం.

"మా వంశంలో ఇలాంటివి ఎరగం తల్లీ. నీ పుట్టింటివైపు కనుక్కో," అని ఆవిడ అన్నప్పుడల్లా కోడలు పంటిబిగువున ఊరుకునేది. నేరం మోపినవారు ఋజువు చూపడం లేదు కనుక తానే వెదకాలనుకుంది. జన్యువుల్లోని ఏ తేడాలు ఆటిజం వచ్చే అవకాశాన్ని పెంచుతాయో పరిశోధిస్తున్న ఆసుపత్రికి వెళ్లి తమ పేర్లు ఇచ్చింది.

అక్కడివారు తల్లికి, తండ్రికి, బిడ్డకు ఉమ్మి పట్టేందుకు మూడు చిన్న సీసాలిచ్చారు. తల్లిదండ్రులవి నిండాయి. పిల్లవాడు మాత్రం ఉమ్మడం చేతకాక, తన సీసాను చెప్పుల వరుస చివర నిలబెట్టాడు. మర్నాటికల్లా అదీ నిండి ఉండడం చూసి కోడలు మురిసిపోయింది.

కొన్ని వారాలకు ఆసుపత్రిలో ఫలితాలు వివరించే కౌన్సెలర్ అందరినీ పిలిపించింది.

"ఈ సీసాలోది మీ అబ్బాయిది కాదండీ. ఎవరో ఆడవారిది. జన్యువులు తండ్రితో సగం కలిశాయి, తల్లితో అసలు కలవలేదు."

పిల్లవాడి తండ్రి మెల్లగా తన తల్లివైపు తిరిగాడు. "అమ్మా?"

"వాడి అవస్థ చూడలేక నేనే నింపానురా. ఒకే ఇంట్లోవాళ్లం, ఎవరి ఉమ్మి అయితేనేం?"

కౌన్సెలర్ నవ్వు ఆపుకోలేకపోయింది. వాణ్ణి దాచిపెట్టే మనిషే వాడి అవస్థ చూడలేకపోయిందా అని కోడలి కోపం సగంలో ఆగింది.

"బాబుది పుల్లకు చుట్టిన స్పాంజితో బుగ్గలోంచి మళ్లీ తీసుకుంటాం. మీది పారేయమంటారా, పెద్దమ్మగారూ?"

"ఎందుకూ? అదీ చూడండి. మా వంశం సంగతి తేలిపోతుంది."

మరికొన్ని వారాలకు తేలింది. పిల్లవాడిలో కనబడిన తేడా తండ్రిలోనూ ఉంది, నానమ్మలోనూ ఉంది.

"ఇది అవకాశాన్ని పెంచుతుందంతే, ఇదొక్కటే ఏదీ నిర్ణయించదు," అంది కౌన్సెలర్. "మీలోనూ ఉంది, మీకు ఆటిజం లేదుగా! ఇంకా ఎన్నో కలవాలి. అవన్నీ మాకూ తెలియవు."

బయటికి రాగానే అత్తగారు బెంచీమీద కూలబడింది. "అయితే వాడలా అవడం నా వల్లేనా, అమ్మాయ్?"

ఏళ్ల తరబడి దాచుకున్న జవాబు కోడలి నాలుక చివరనే ఉంది. ఆ నింద ఎంత బరువో మోసినదానికి తెలుసు. మింగేసింది.

"మీ వల్లా కాదు, నా వల్లా కాదు అత్తయ్యా. ఇన్నాళ్లూ నన్నడిగింది ఈ ప్రశ్నే. ఇక మన ఇంట్లో ఎవరినీ అడక్కండి. తలుపేసి దాచడానికి వాడేం తప్పు చేశాడు?"



ఆ ఆదివారం చుట్టాలు వచ్చారు. వెనక గది తలుపు బార్లా తెరిచే ఉంది. వెళ్లబోతూ చుట్టాలావిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"అబ్బ, మా చెప్పులెవరు సర్దారు?"

"మా మనవడు. అచ్చం నా పోలిక," అంది అత్తగారు, వాడి పక్కకు వెళ్లి నిలబడుతూ. "వరుస చెదరకుండా తీసుకోండి. చెదిరితే వాడూ ఊరుకోడు, నేనూ ఊరుకోను."