ఫిరంగి సంచీ

పరుపుల షాపు మేనేజరుకి పరువంటే ప్రాణం. రెండిటికీ తేడా ఒక్క అక్షరమే. మొదటిది తగ్గింపు ధరకి ఇచ్చేవాడు గానీ, రెండోది ఎవరడిగినా తగ్గించేవాడు కాడు. ఊళ్ళో అందరి నడుం నొప్పులకీ అతని దగ్గర మందుండేది: గట్టి పరుపు, మెత్తటి మాట. అతని మెడ నొప్పికి మాత్రం ఆ షాపులో మందు లేదు.

మెడకో డోలు అంటారే, అతని మెడకి ఆ డోలు ఒక కెమెరా. నల్లగా, పెద్దగా, ముందు మోచేతంత లెన్సుతో ఉండేది. దాన్ని చూసే అత్తవారింట్లో అతనికి ఫిరంగి అని పేరు పెట్టారు. తోడల్లుడు ఇంజనీరు. జీతంలోనూ జుట్టులోనూ అతనే ముందు. అయినా నలుగురు కలిసినప్పుడు ఇంజనీరు వచ్చాడా అని ఎవరూ అడగరు. "ఫిరంగి వచ్చాడా?" అనే అడుగుతారు. ఫిరంగి రాందే పుట్టినరోజు కొవ్వొత్తి కూడా ఆర్పేవారు కారు. వచ్చాక కూడా ఒక పట్టాన ఆర్పనిచ్చేవాడు కాడు. లెన్సు మార్చేలోపు కొవ్వొత్తి కరిగేది, ఫోకస్ కుదిరేలోపు ఫోజు చెదిరేది. ఆ మాట మాత్రం ఎవరూ అనేవారు కారు. ఎంత పెద్ద కెమెరా మరి!

డాక్టరు ఎక్స్‌రేని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"ఈ మెడకి ఇక బరువు తగిలించకండి. తల ఎక్కువసేపు దించకండి."

"తల దించే పని నేనెప్పుడూ చెయ్యలేదండీ" అన్నాడు ఫిరంగి.

డాక్టరు నవ్వలేదు. ఫిరంగి భార్య నవ్వింది. నవ్వి, ఆస్పత్రి నుంచి తిన్నగా కెమెరాల కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టు నడిపే ఆవిడ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని అడిగింది.

"ఎక్కువగా ఏం తీస్తుంటారండీ?"

"ఇంట్లోవాళ్ళని. ఎప్పుడైనా ఊళ్ళు తిరిగితే అక్కడా."

"మరి అంత పెద్దది ఎందుకు కొన్నారు?"

"ఇంట్లోవాళ్ళని భయపెట్టడానికి" అంది భార్య.

కొట్టావిడ మూడు కెమెరాలు తీసి అద్దం మీద పెట్టింది. ఫిరంగి చెయ్యి వెంటనే లెన్సులు మార్చుకోగలిగిన దాని మీదికి పోయింది.

"అది తేలికే. కానీ దానికి మళ్ళీ లెన్సులు కొంటారు, లెన్సులకి సంచీ కొంటారు, సంచీకి ఈ మెడే ఇస్తారు. ఇది చూడండి" అని చివర ఉన్నది అతని అరచేతిలో పెట్టింది. సబ్బుబిళ్ళంత ఉంది. మీట నొక్కితే లెన్సు తాబేలు తలలా బయటికొచ్చింది, మళ్ళీ నొక్కితే లోపలికి పోయింది. వెనక స్క్రీను పైకి తిరుగుతుంది. తనని తాను చూసుకుంటూ తానే తీసుకోవచ్చు.

"దీంతో తీస్తే నవ్వుతారండీ" అన్నాడు ఫిరంగి.

"ఫోటోలో నవ్వాలనేగా మీరూ చెప్పేది?" అందావిడ. భార్య పకాలున నవ్వింది. ఫిరంగి వేలు తనంతట తానే మీట నొక్కేసింది.

స్క్రీనులో భార్య కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వుని అతను రోజూ ఇంట్లో చూస్తాడు. ఫోటోలో మాత్రం ఎన్నడూ చూడలేదు. పెద్ద కెమెరా సంచీలోంచి బయటపడేసరికి ఆ నవ్వు వెళ్ళిపోయి, దాని స్థానంలో ఫోటో నవ్వు వచ్చి కూర్చునేది. ఫిరంగి మారుమాట్లాడకుండా ఆ చిన్నది కొనేశాడు. అది అతనికి తెగ నచ్చింది. నచ్చినందుకే సిగ్గేసింది. చిన్న కెమెరా జేబులో వేసుకుని, నలుగురిలో చిన్నబోతున్నట్టు దారంతా ఊహించుకుంటూ ఇంటికొచ్చాడు. కెమెరా తేలికైతే మనిషీ తేలికైపోతాడని అతని భయం.

సరిగ్గా అప్పుడే అత్తవారి వైపు అంతా కలిసి కొండమీది సరస్సు చూడ్డానికి బయల్దేరారు. అత్తగారి కోరిక ఒక్కటే. అందరూ ఉన్న ఫోటో ఒకటి పెద్దది చేయించి గోడకి పెట్టుకోవాలి. అది ఫిరంగే తీయాలి.

షాపులో పరుపులకి అంచులు కత్తిరించగా మిగిలిన స్పాంజి ముక్కలు బోలెడు. ఫిరంగి వాటిని ఇంటికి తెచ్చి, పెద్ద కెమెరా ఆకారంలో ఒకటి, మోచేతి లెన్సు ఆకారంలో ఒకటి కోసి, పాత సంచీలో కూరి జిప్పు లాగాడు. సంచీ గర్భిణిలా నిండుగా కనబడింది. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి కనక మోసానికి కూడా కొలతలు తీసుకున్నాడు. పెద్ద కెమెరాని బీరువాలో పడుకోబెట్టాడు. కొండమీదికి చేరాక "ఈ వెలుగుకి పెద్దది పనికిరాదు" అని చెప్పి, జేబులోది తీయాలని పథకం. వెలుగు గురించి అతనేం చెప్పినా ఆ ఇంట్లో కాదనేవాళ్ళు లేరు.

బస్సు దగ్గర సంచీ చూసి భార్య మొహం మాడ్చుకుంది.

"డాక్టరు ఏమన్నాడు?"

"ఒక్క ఫోటో కోసమేనే."

"మీ మెడ, మీ ఇష్టం." ఆమె గిరుక్కున తిరిగి బస్సెక్కేసింది.

"అన్నగారూ, ఫిరంగి దట్టించారా?" అన్నాడు తోడల్లుడు.

"కొండమీద పేలుస్తా, చూద్దువుగాని."

"అయితే మా ఫోన్లు దాచేసుకోవాలన్నమాట!"

ఆ రాత్రికి లాడ్జిలో దిగి, పొద్దున్నే అందరూ మెట్ల దారి పట్టారు. మామగారు రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగారు. ఆయన చాలా ఏళ్ళ క్రితం రిటైరైన గుమాస్తా. ఆఫీసు వార్షికోత్సవాల్లో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వేషాలు వేసిన మనిషి. అయితే ఎప్పుడూ మాటల్లేని వేషమే. తెర లేచేసరికి శవంగా పడుండటమో, రాజుగారి వెనక బల్లెం పట్టుకుని నిలబడటమో.

"అల్లుడుగారూ, ఆ సంచీ ఇటివ్వండి."

"వద్దండీ మామయ్యగారూ. బరువు."

"అందుకేగా అడుగుతున్నది. మీ మెడ బాగాలేదని అమ్మాయి చెప్పింది. ఇవ్వండి."

ఫిరంగి పట్టీ వదల్లేదు. పెద్దాయనా వదల్లేదు. బరువుకి సిద్ధపడి, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజారు. సంచీ గాలిలోకి లేచి ఆయన చెవికి తగిలింది. ఆ ఊపుకి ఆయన ఒక మెట్టు వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నారు.

మామా అల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెద్దాయన సంచీని మెల్లగా కిందికి దించారు. కుడి భుజం వంచి, పట్టీ తగిలించుకుని, మోకాళ్ళు కొద్దిగా కుంగించి, అందరికీ వినబడేలా అన్నారు.

"అమ్మో! ఏం బరువండీ బాబూ!"

అక్కణ్ణుంచి మొదలైంది నాటకం. పది మెట్లకోసారి ఆగడం, నుదురు తుడుచుకోవడం, సంచీ కింద చెయ్యి పెట్టి బిడ్డని ఎత్తుకున్నట్టు సర్దుకోవడం. తోడల్లుడు పరుగున వచ్చాడు.

"నాకివ్వండి మామయ్యగారూ."

"వద్దు బాబూ. మధ్యలో చేతులు మారితే లోపల లెన్సు కదిలిపోతుంది. కదూ అల్లుడుగారూ?"

"అవునండీ" అన్నాడు ఫిరంగి.

వెనకనుంచి అత్తగారు కూతురితో గట్టిగానే అంటున్నారు. "మీ ఆయన మెడ మెడా, మా ఆయన భుజం అరువు భుజమా? గుండెకి మందులేసుకునే మనిషి చేత అంత బరువు మోయిస్తారా?" ఎదురుగా దిగుతున్న ఎవరో కూడా ఆగి, మూలుగుతున్న ముసలాయన్నీ, చేతులూపుకుంటూ నడుస్తున్న అల్లుణ్ణీ చూసి తలాడించుకుంటూ పోయారు. ఫిరంగి ఒకటి రెండు సార్లు "మామయ్యగారూ, ఇటివ్వండి" అని గొణిగాడు. ప్రతిసారీ ఆయన కన్ను గీటి, ఇంకాస్త ఎక్కువ మూలిగారు. ఆ మూలుగు వినబడ్డప్పుడల్లా ఫిరంగి జేబులోని సబ్బుబిళ్ళ సుత్తిలా తొడకి కొట్టుకునేది.

కొండమీద సరస్సు నీలంగా, ఇస్త్రీ చేసిన దుప్పటిలా పరుచుకుని ఉంది. అత్తగారు జుట్టు సర్దుకుని పిట్టగోడ ముందు నిలబడ్డారు. మరదలు తన చంటిదాన్ని ఎత్తుకుని పక్కన చేరింది. ఫిరంగి ఆకాశం వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ వెలుగుకి..."

"ఆగండి, ఫిరంగి నేను తీస్తా!" అంటూ తోడల్లుడు అప్పటికే జిప్పు లాగేశాడు.

స్పాంజి ఉబ్బి బయటికొచ్చింది. మోచేయంత ముక్క నేలమీద పడి, ఒకసారి ఎగిరి, దొర్లింది.

చంటిది చప్పట్లు కొట్టింది.

"నేనే" అన్నారు మామగారు. "పొద్దున లాడ్జిలో ఎత్తి చూశా. నా వల్ల కాదనిపించింది. కెమెరా తీసి గదిలో దాచేసి, ఇదిగో, ఇది కూరా."

"ఈ స్పాంజి ఎక్కడిది?" అన్నారు అత్తగారు.

"దిండులోది."

"లాడ్జివాడి దిండు చింపారా! మరి దారి పొడుగునా ఆ మూలుగేమిటి? పెళ్ళైన ఇన్నాళ్ళకి ఒక్క ఫోటో గోడకి పెట్టుకుందామంటే, అదీ చెడగొట్టారు కదండీ!" ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"శభాష్ మామయ్యగారూ! దూది మోసి దుంగ మోసినట్టు చెమటలు పట్టించారు!" అన్నాడు తోడల్లుడు. పెద్దాయన తల గోక్కుంటూ నవ్వారు.

ఫిరంగి నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచాడు. కానీ అమ్మిన పరుపు తిరిగి తెచ్చేవాళ్ళతో మాట్లాడే మెత్తటి గొంతొకటి అందులోంచి వచ్చింది.

"పోనీలెండి అత్తయ్యగారూ. పెద్దాయన్ని ఏమీ అనకండి. నేనేం అనుకోను."

అనేశాక అతనికే వినబడింది, తనేమన్నాడో. తన తప్పుని ఆయన నెత్తిన వేసుకుంటే, తను పెద్ద మనసు చేసుకుని ఆయన్నే క్షమించాడు. చెవులు కాలాయి. ఎవరైనా తనని తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు సరికదా, "అల్లుడు కనక ఊరుకున్నాడు" అన్నారు అత్తగారు.

భార్య వంగి స్పాంజి ముక్కలు ఏరుతోంది. లెన్సు ముక్క చేతిలోకి తీసుకుంది. ఎంత చక్కగా కోశారో చూసింది. తిప్పింది. దాని అడుగున పరుపుల షాపు ముద్ర నీలం సిరాతో స్పష్టంగా ఉంది. భర్త వైపు ఒక్కసారి చూసి, ముద్ర కిందికి వచ్చేలా దాన్ని పిట్టగోడ మీద పెట్టింది.

"జేబులో చిన్నదుందిగా" అంది చివరికి. "తీయండి."

ఫిరంగి తీశాడు. కెమెరాని స్పాంజి మీద పెడితే పరుపు మీద పిల్లలా కుదురుకుంది. స్క్రీను తిప్పి, టైమర్ పెట్టాడు.

"బావగారూ, మీరూ రండి! ఎప్పుడూ మీరు ఉండరు!" అంది మరదలు. ఫిరంగి పరుగెత్తి చివర నిలబడ్డాడు. క్లిక్కుమంది.

అందరూ ఆ చిన్న స్క్రీను మీదికి మూగారు. ఫోటో బాగా వచ్చింది. అత్తగారి మొహంలో కోపం సగం నవ్వైపోయింది. చంటిది తోడల్లుడి చెవి పట్టుకుంది. మామగారు మధ్యలో ఉన్నారు. ఎడమ చేత్తో కుడి భుజాన్ని పట్టుకుని ఉన్నారు.

అప్పటికి ఆయన్ని గమనించేవాళ్ళు ఎవరూ లేరు. అందరూ కెమెరానే చూస్తున్నారు. అయినా ఆయన వేషం తీయలేదు. గోడకెక్కబోయే ఫోటో అని తెలిసి కూడా.

"అత్తయ్యగారూ" అన్నాడు ఫిరంగి. "మామయ్యగారు దిండూ చింపలేదు, కెమెరా తీయలేదు. స్పాంజి నాది. మా షాపుది. పెద్ద కెమెరా మా ఇంట్లో బీరువాలోనే ఉంది. దాన్ని మెడ మొయ్యలేదు. ఆ సంగతి మీ అందరికీ చెప్పడానికి మొహం చెల్లలేదు. మెట్ల దగ్గరే మామయ్యగారికి తెలిసిపోయింది."

"తెలిసే... అంత దూరం మూలిగారా?" అన్నారు అత్తగారు. తర్వాత అల్లుడి వైపు తిరిగారు. "మరి ఇందాక ఆయన్ని నేను అన్నేసి మాటలంటుంటే, మీరు 'పోనీలెండి' అన్నారు."

"అన్నానండీ."

ఆవిడ మొహం తిప్పుకున్నారు. ఎప్పుడూ నోరు మూతపడని తోడల్లుడు సరస్సుని చూస్తున్నాడు. నవ్వండి, నవ్వండి అని ఇన్నాళ్ళూ అందర్నీ నవ్వమన్నవాడు, ఇప్పుడు ఎవరైనా నవ్వుతారేమోనని ఎదురుచూశాడు. నవ్వులపాలైనా బాగుండేది.

నిజం చెప్పినందుకు నొచ్చుకున్నది మామగారొక్కరే.

"చెప్పేశారేమిటండీ అల్లుడుగారూ! ఇన్నేళ్ళకి మాటలున్న వేషం ఒక్కటి దొరికింది. మధ్యలో తెర దించేశారు."

దిగేటప్పుడు సంచీ ఫిరంగే మోశాడు. ఎవరూ అడగలేదు, అతనూ ఇవ్వలేదు. ఎక్కేటప్పుడు చేతులూపుకుంటూ ఎక్కినవాడికి, దిగేటప్పుడు ఆ స్పాంజి మోయరాని బరువైంది. సగం దారిలో భార్య పక్కకొచ్చి నడిచింది.

"తల ఎత్తండి. డాక్టరు దించొద్దన్నాడు."

"తెలుసు" అన్నాడు. ఎత్తలేదు.

ఆ ఫోటోనే పెద్దది చేయించి అత్తగారు హాల్లో గోడకి పెట్టించారు. చిన్న కెమెరాతో తీసినా అంత పెద్ద ఫోటోలో కూడా ఒక్కో వెంట్రుకా కనబడుతోందని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ తర్వాత అందరూ అడిగేది ఒక్కటే.

"మీ భుజానికేమైందండీ?"

"బరువండీ బాబూ. చాలా బరువు" అంటారు మామగారు, అల్లుడి వైపు చూడకుండా.

ఆ మాట విన్నప్పుడల్లా, పక్క కుర్చీలో కూర్చున్న ఫిరంగి డాక్టరు మాట తప్పుతాడు.