ముందు వరుసలో మారివిక్

కవీతే ప్రాంతంలోని పంపుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే మారివిక్, డిజైనర్ కావాలని సాయంత్రాలు కంప్యూటర్‌లో యంత్రభాగాలు గీయడం నేర్చుకుంటోంది. మొదటి పరీక్ష తప్పింది. మర్నాడు భోజనాల దగ్గర సూపర్‌వైజర్ దాంతే నవ్వాడు.

“ఏమ్మా ఇంజనీరమ్మా, సరదా తీరిందా? ఇక బుద్ధిగా అట్టపెట్టెలు అంటించుకుంటావా?”

“పగలు అంటిస్తాను దాంతే అన్నా. సాయంత్రం మాత్రం నాది. మళ్లీ పరీక్షకు పేరిచ్చాను.”

“మళ్లీ తప్పితే?”

“మళ్లీ రాస్తాను. నువ్వు నవ్వడానికి కాస్త ఓపిక దాచుకో.”

ఆమె అన్నం వదిలి లేవలేదు.

ఆ సాయంత్రం క్లాసులో రోజూ కూర్చునే వెనక బల్ల దగ్గరకు పోకుండా, కాలేజీ కుర్రాళ్లు తమదనుకునే ముందు వరుసలో కూర్చుంది.

“అక్కా, అది మావాడి చోటు” అన్నాడొకడు.

“వస్తే వెనక ఖాళీ ఉందని చెప్పు” అని, పరీక్షలో తప్పుగా గీసిన పంపు మూత బొమ్మను మొదటి గీత నుంచి మళ్లీ గీయసాగింది.