ముందస్తు స్తోత్రం

మా ఆయన గిద్యోను మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచి చివరిదాకా ఆయన్ని తిడుతూనే ఉంటాను.

నేను ముత్తుకూరులో బట్టలు కుడతాను. నాకున్నది ఒక్క కాలు మిషను. స్కూలు యూనిఫారాలు కుట్టాలంటే అంచుల్లో పోగులు ఊడకుండా బిగించే ఓవర్‌లాక్ మిషను కావాలి. మా చర్చికి వచ్చే ఆనందకుమారి మేడం ఒక ప్రైవేటు స్కూలు నడుపుతుంది. "ఓవర్‌లాక్ తెచ్చుకో కరుణా, ఈ ఏడు యూనిఫారాలన్నీ నీకే ఇస్తా. లేదంటే నెల్లూరు కాంట్రాక్టరుకు ఇచ్చేస్తా" అంది. నా బతుకులో అంత పెద్ద ఆర్డరు ఎన్నడూ రాలేదు. చీటీ పాడుకుని, ఆ డబ్బంతా పట్టుకెళ్లి నెల్లూరులో పెంచలకృష్ణ అనే ఆయన షాపులో కట్టాను. వారంలో ఇంటికి పంపిస్తామన్నాడు.

వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఫోన్ చేస్తే "బండికేసినామమ్మా" అంటాడు. మళ్లీ చేస్తే "కంపెనీ నుంచి ఇంకా రాలేదమ్మా" అంటాడు. రాని మిషను బండి ఎలా ఎక్కిందో ఆయనకే తెలియాలి. చివరికి నా నంబరు చూసి ఫోనెత్తడమే మానేశాడు. బస్సెక్కి షాపుకే వెళ్లాను.

"మిషనూ వద్దు, గిషనూ వద్దు. నా డబ్బు నాకిచ్చేయండి సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి తాపీగా అన్నాడు. "మిషను ముట్టిందని మీ ఆయనే చెప్పినాడు గదమ్మా."

"మా ఆయనా? ఎవురికి చెప్పినాడు?"

ఫోను తీసి నా ముందు పెట్టాడు. అందులో మా చర్చి. ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయం. మైకు పట్టుకుని గిద్యోను. "ప్రియులారా, నా భార్యకు దేవుడు ఓవర్‌లాక్ మిషను ఇచ్చినాడు. నెల్లూరు పెంచలకృష్ణ గారి షాపు నుంచి మా ఇంటికి చేర్చినాడు. ప్రభువుకే స్తోత్రం!" చుట్టూ హల్లెలూయాలు. ఆ ఆదివారం నేను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాను.

మా సంఘంలో ఒక అలవాటుంది. అడిగింది చేతికి రాకముందే వచ్చేసిందని నమ్మి, నలుగురిలో నిలబడి స్తోత్రం చెబుతారు. ఉద్యోగం రాకముందే వచ్చిందంటారు, జ్వరం తగ్గకముందే తగ్గిందంటారు. వినేవాళ్లలో చాలామందికి అది విశ్వాసమని తెలుసు. పెంచలకృష్ణ గారికి మాత్రం అది రసీదు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "ఆ వీడియో ఆయనకెట్టా పోయిందయ్యా?"

"నేనే పంపినాను" అన్నాడు గిద్యోను. "ఆయన పేరు చెప్పినా గదా, సంతోషపడతాడని."

నా తల గోడకేసి కొట్టుకోవాలో, ఆయన తల కొట్టాలో తేల్చుకోలేకపోయాను.

వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేశాను. కొన్నాళ్లకు అక్కడి అమ్మాయి ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడింది. "షాపువాళ్లు వీడియో పంపారండీ. అందులో మీవారే అందిందంటున్నారు. అందలేదని ఆయనే ఒక ముక్క రాసిస్తే మళ్లీ అడుగుతాం." తప్పేముంది, సరైన మాటే. కాగితం, పెన్ను తెచ్చి మా ఆయన ముందు పెట్టాను.

"నేను రాయను" అన్నాడు. "దేవుడి ముందు చెప్పిన సాక్ష్యం అబద్ధమని నా చేత్తో ఎట్టా రాసేది?"

"మరి మిషను యాడుందయ్యా?"

"వస్తాది. వచ్చేసిందనే నమ్మాల."

ఆయన కృష్ణపట్నం పోర్టులో కంపెనీ బస్సు నడుపుతాడు. "డీజిలు పోయకముందే పోసేసినట్టు నమ్మి నీ బస్సు తోలతావా?" అని అడిగాను. "అది వేరే" అన్నాడు. ఆ పూట అన్నం వడ్డించాను గానీ మాట మాత్రం ఆడలేదు.

ఆదివారం సాక్ష్యాలు మొదలుకాగానే నేనే లేచాను. భయమూ ఉంది, సిగ్గూ ఉంది, కానీ వాటికన్నా మంటే ఎక్కువగా ఉంది.

"పాస్టరు అయ్యగారికి, సంఘానికి వందనాలు. నెల్లూరు పెంచలకృష్ణ గారు నాకు మిషను పంపలేకపోయినారు. అయినా నా డబ్బు పైసాతో సహా తిరిగి ఇచ్చేసినారు. సరుకు అందనోళ్లు ఎవురన్నా ఉంటే ఆయన షాపుకు పోండి, ఇచ్చేస్తారు. ప్రభువుకే స్తోత్రం!"

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది గిద్యోనే. ఆరాధన అయ్యాక ఆనందకుమారి మేడం నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"మిషను రాలేదా? నీకు వచ్చిందని మీ ఆయన చెప్తే విని, నేను ఆ కాంట్రాక్టరుకు వద్దని చెప్పేసినానే! బట్ట కూడా కొనేసినా!"

"కుడతాను మేడం" అన్నాను. ఏ మిషనుతో కుడతానో నాకే తెలియదు. నా కోపం పోయి దిగులు పట్టుకుంది.

ఇంట్లో అడుగు పెట్టగానే గిద్యోను మొహం వెలిగిపోతూ అడిగాడు. "డబ్బు యాడుందే?"

"విశ్వాసంలో ఉంది."

ఆయన మొహం చూడాలి. "నీ సాక్ష్యం వీడియో పెంచలకృష్ణ గారికి పంపేసినానే" అన్నాడు మెల్లగా. నా ఫోనులో ఉన్న టైలర్ల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన చేసిన పని నాకు నచ్చడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఎన్నడూ ఎత్తని పెంచలకృష్ణ గారే ఫోన్ చేశాడు. వెనక జనం అరుపులు. "ఏందమ్మా ఇది! మిషన్లకు డబ్బు కట్టిన ఆడోళ్లంతా షాపు ముందు వచ్చి కూర్చుని ఉండారు. కరుణాకుమారికి ఇచ్చినావంట, మాకూ ఇయ్యమంటుండారు. గుళ్లో నిలబడి అట్టా అబద్ధం చెప్తావా?"

"అబద్ధమా సార్? అయితే అదే గుళ్లో, అదే మైకులో మా ఆయన చెప్పింది నిజమెట్టా అయింది? ఆ మాట హెల్ప్‌లైనోళ్లకు మీరే చెప్పండి."

"నీ డబ్బు నీకు వేస్తా. ఆ వీడియో తీసేయమను" అన్నాడు.

"డబ్బు ఇచ్చేస్తే అది నిజమే అయిపోద్ది గదా సార్. నిజాన్ని ఎందుకు తీసేది?"

సాయంత్రానికి డబ్బు నా ఖాతాలో పడింది. మిగతావాళ్లకూ కొద్దికొద్దిగా ఇస్తున్నాడని తర్వాత విన్నాను.

ఈసారి వేరే షాపుకు ఇద్దరం వెళ్లాం. మిషను అక్కడే నడిపించి చూసి, ఆటోలో ఎక్కించి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. దారిలో గిద్యోను ఫోను తీసి ఏదో టైపు చేయబోయాడు. "ఇల్లు చేరేదాకా ఒక్క మాట ఎవురికన్నా పెట్టినావంటే ఆటో దిగి నడిచి వస్తావు" అన్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో దారం ఎక్కించి, మేడం పంపిన నీలం గుడ్డ అంచు మీద మిషను నడిపాను. కుట్టు చక్కగా పడింది. నా కళ్లు ఎందుకో మసకబారాయి. మా ఆయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పుకో నీ స్తోత్రం" అన్నాను.

"నేను ఎప్పుడో చెప్పేసినా గదే" అన్నాడు. "బాకీ ఉంది నువ్వే."