రెండోసారి కప్పిన కండ

"పాప తెల్ల మేజోళ్ళు ఎక్కడ పెట్టావు?" పొద్దున్నే ఫోనులో భర్త అడిగేసరికి ఆమె ఆసుపత్రి మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. కదిలే వీలే లేదు మరి. కుడికాలి మీద ఎముక బయటపడిన చోట, ఎడమ పిక్క మీది కండను ఒకవైపు ఊడదీయకుండా ఉంచి, తెచ్చి కుట్టారు. అది కొత్తచోట నెత్తురు పట్టుకునేదాకా, మూడు వారాలు, రెండు కాళ్ళూ కలిపి కట్టి ఉంచాలి. "బీరువా రెండో అరలో, తువ్వాళ్ళ కింద," అంది. పద్దెనిమిది రోజులుగా ఇల్లు ఈ మంచం మీద నుంచే నడుస్తోంది.

భర్త బండి వెనక కూర్చుని వెళ్తూ ఆమె పడ్డప్పటి గాయం. మొదటిసారి అదే కాలి కండను తిప్పి కప్పారు. నిలబడొద్దు, కాలు వేలాడేయొద్దు అని చెప్పి పంపారు. ఇంట్లో ఆమెను లేవమని ఎవరూ అనలేదు, ఒప్పుకోవాల్సిందే. సింకులో గిన్నెలు అలా ఉంచేశారంతే. "నువ్వు పడుకోమ్మా, నా నడుం ఎలా పోతే ఏం," అని అత్తగారు మూలిగేది. "తినకుండా వెళ్తాలే, అలవాటైపోయింది," అంటూ భర్త చెప్పులు వేసుకునేవాడు. మూడో రోజుకి లేచింది. ఆరో రోజు కుట్ల అంచు నల్లబడడం చూసింది. ఆ పూట ఇంటినిండా చుట్టాలు. నైటీ అంచు కిందికి లాక్కుని అందరికీ టీలు అందించింది. తలుచుకుంటే తన మీద తనకే ఏడుపొస్తుంది.

నల్లబడిందంతా కోసేసిన రోజు డాక్టరమ్మ మండిపడింది. "ఎందుకు నిలబడ్డారు?"

"మేమేం చెప్పలేదండీ. తనే ఊరుకోదు," అన్నాడు భర్త. అది అబద్ధమూ కాదు.

ఈ సాయంత్రం రెండు కాళ్ళనూ కలిపిన కండకు సిస్టర్ రబ్బరు గొట్టం బిగించి, ఎడమకాలి నెత్తురు ఆపింది. కుడికాలి నెత్తురుతోనే అది బతుకుతుందో లేదో అరగంట చూడాలి. ఇదీ నల్లబడితే మోకాలి కింద కాలు తీసేయడమేనని ముందే చెప్పారు. ఆమె తలెత్తి అదే పనిగా చూసింది. పదకొండేళ్ళ కాపురంలో తన ఒంటిని తను ఇంతసేపు చూసుకున్నది లేదు. డాక్టరమ్మ వచ్చి వేలితో నొక్కింది. తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది.

"బతికిందమ్మా. మూడు రోజుల్లో విడదీస్తాం. తర్వాత ఆరు వారాలు కాలు దించకూడదు. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారుగా?"

"ఉన్నామండీ," అన్నాడు అప్పుడే వచ్చిన భర్త. "అయినా తనే మెల్లగా తిరుగుతూ అన్నీ చేసుకుంటుంది."

"నన్ను ఇంటికి పంపకండి డాక్టరమ్మా," అంది ఆమె. "మా అక్క బట్టలు కుడుతుంది, ఒక్కతే ఉంటుంది. మిషను పక్కన మంచం పడుతుంది. అక్కడికి వెళ్తాను."

భర్త నివ్వెరపోయాడు. "మరి పాప?"

ఆ మాటంటే తను లేస్తుందని అతనికి తెలుసు. ఆమె కళ్ళు నిండాయి. కాళ్ళు మాత్రం కదపలేదు.

"మేజోళ్ళు ఎక్కడున్నాయో పొద్దున చెప్పానుగా," అంది.