శనివారమే టవరెక్కుదాం

డొనాటో అమ్మానాన్నలు శుక్రవారం మధ్యాహ్నం రైలుకి దిగుతున్నారు. సోమవారం వాడు పట్టా పుచ్చుకుంటాడు. మధ్యలో శని, ఆదివారాలు ఖాళీ. వాళ్ళు ఎక్కడో దక్షిణాన ఆలివ్ తోటల్లో బతికే మనుషులు, మా బొలోన్యా ఊరు ఎలా ఉంటుందో ఎరగరు. "హడావుడి లేకుండా, మా ఆయన మోకాళ్ళు నొప్పెట్టకుండా ఊరు చూపించండి నీవెస్ గారూ" అని వాళ్ళమ్మ ఫిలొమేనా ఫోనులో మరీ మరీ చెప్పింది. చూపించడానికి నాకేం, పుట్టి పెరిగిన ఊరు. కానీ చూసినవాళ్ళు ఊరికే "బాగుంది" అని ఊరుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకని గురువారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పిండి ముక్కల్లో మాంసం కూరి తొర్తెల్లీని చుడుతూ ఆ రెండు రోజులకీ ఏర్పాట్లు మొదలుపెట్టాను. ఎదురుగా డొనాటో కూర్చున్నాడు. వాడు నా ఇంట్లో అద్దెకుంటూ ఇంజనీరింగు చదివే కుర్రాడు. వచ్చి ఐదేళ్ళయింది. మొదటి ఏడాది "మేడం" అన్నాడు, రెండో ఏడాది నుంచి "అత్తా" అంటున్నాడు. నాకు పిల్లల్లేరు. ఉన్నా ఇంత ఒద్దికగా ఉండేవారు కాదని మా వీధివాళ్ళు నా మొహం మీదే అంటారు.

"శనివారం ఆలస్యంగా లేద్దాం" అన్నాను. "కాఫీలు తాగి కమానుల కింద నీడన మెల్లగా నడుద్దాం. మధ్యాహ్నం ఇంట్లోనే భోజనం. మా ఊరి హోటళ్ళలో ఈ మధ్య తొర్తెల్లీని పేరుతో ఏం పెడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి."

"నాన్న హోటలుకి రాడులే అత్తా. పొరుగువాళ్ళు వండింది తినడు."

"నేను పొరుగుదాన్ని కానా?"

"నువ్వు వేరు."

"సరే, ఆదివారం శాన్ లూకా కొండకి. నడక వద్దు, బొమ్మ రైల్లో పోదాం. మీ అమ్మ చర్చిలో మోకరిల్లుతుంది, మీ నాన్న బయట బెంచీ మీద కూర్చుని మా పొలాలకి వంకలు పెడతాడు. ఇక సోమవారం పట్టా అయ్యాక, నెత్తిన ఆకుల కిరీటంతో నువ్వే ముందు నడిచి మీ అమ్మని టవరెక్కిద్దువుగాని. నేనూ మీ నాన్నా కిందే ఉంటాం. నా మోకాళ్ళు మీ నాన్నవాటికి చుట్టాలు."

వాడు నవ్వలేదు. చేతిలోని పిండి ముక్కని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"టవరు శనివారమే పెట్టత్తా. శనివారమే ఎక్కుదాం" అన్నాడు.

"రెండు రోజులు ఓపిక పట్టలేవురా? ఐదేళ్ళు ఆగావు!" అని కసిరాను. నిజమే, మా ఊళ్ళో చదువుకునే పిల్లలెవరూ పట్టా చేతికి రాకుండా అసినెల్లి టవరెక్కరు. ఎక్కితే ఇక ఈ జన్మకి పట్టా రాదంటారు. వీడైతే మరీను. మొన్న చలికాలంలో వాళ్ళూరి స్నేహితులొస్తే వాళ్ళని పైకి పంపించి, తను కింద అందరి సంచులూ మోసుకుంటూ చలిలో వణుకుతూ నిలబడ్డాడు. ఇంటికొచ్చి ముక్కు చీదుకుంటుంటే నేను తిట్టాను కూడా.

"ఆ పాతమాటలు ఎవరు నమ్ముతారత్తా ఇప్పుడు?"

"ఎవరూ నమ్మరు. ఎవరూ ఎక్కరు కూడా."

వాడు తల ఎత్తలేదు. అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. ఆ టవరు ఎక్కేది పట్టా వచ్చినవాళ్ళు, లేదా పట్టాతో పని లేనివాళ్ళు. సోమవారం పట్టా పుచ్చుకోబోయేవాడు శనివారం ఎక్కుతాననడు. మా ఊళ్ళో పుట్టని తల్లికి ఆ మాట మామూలుగా వినిపిస్తుంది. నాకు మాత్రం కాదు.

"డొనాటో, ఇటు చూడు. నీ థీసిస్ ఏదిరా?"

"బైండింగుకి ఇచ్చాను."

"ఎక్కడ?"

వాడు ఇంకో పిండి ముక్క అందుకున్నాడు. ఒక్కొక్కటీ నాకు అప్పుడు తట్టింది. పట్టా పండగ దగ్గర పడితే ఈ ఇంటి గంట మోగుతూనే ఉండాలి, స్నేహితులు వీణ్ణి ఆటపట్టించే బూతు పాటలు తయారు చేసుకుంటూ మేడమెట్ల మీద అల్లరి చేయాలి. ఈ పదిహేను రోజుల్లో ఒక్క పురుగు రాలేదు. పొద్దున్నే బయల్దేరి చీకటిపడ్డాక వస్తున్నాడు గదా, చదువుతున్నాడనే అనుకున్నాను.

"సోమవారం పట్టా లేదు కదూ?" అన్నాను.

"లేదత్తా." పిండి ముక్క బల్ల మీద పెట్టేశాడు. "రెండేళ్ళ నుంచి ఒక్క పరీక్షకీ కూర్చోలేదు. ఒకటి తప్పాను. నాన్నకి ప్యాసయ్యానని చెప్పాను. తర్వాతది రాయడానికి లోపలికి వెళ్ళలేకపోయాను. అదీ ప్యాసయ్యానని చెప్పాను. అలా..."

"మరి రోజూ ఎక్కడికి పోతున్నావు?"

"లైబ్రరీకి. కూర్చుని వస్తాను."

కోపం తన్నుకొచ్చింది నాకు. చెంప పగలగొడదామనిపించింది. కానీ అంతకంటే పెద్ద భయం ఒకటి పట్టుకుంది. "అమ్మానాన్నలు కొత్త బట్టలు వేసుకుని వస్తున్నారు. శనివారం టవరన్నావు. మరి సోమవారం ఏం చేద్దామనుకున్నావురా?"

వాడు నన్ను చూశాడు. అంత ప్రశాంతమైన మొహం వాడిది నేనెప్పుడూ చూడలేదు.

"సోమవారం గురించి నేనేం అనుకోలేదత్తా" అన్నాడు.

వీడు సోమవారం దాకా బతకదలుచుకోలేదు. వేరే అర్థం లేదు దానికి. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, పిండి చేతులతోనే వాడి తలని నా పొట్టకేసి అదుముకున్నాను. ఏం తిట్టానో, ఏం బతిమాలానో గుర్తులేదు. వాడు మాత్రం చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తున్నాడు కదా, నయం అనుకున్నాను.

ఆ రాత్రి వాడి గది తలుపు వేయనివ్వలేదు. శుక్రవారం పొద్దున్నే మా వీధి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆమె వాడితో గంటసేపు ఒంటరిగా మాట్లాడింది. బయటికొచ్చి, "మళ్ళీ మంగళవారం తీసుకురండి. ఈలోపు ఒక్కణ్ణి వదలొద్దు. ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సిందే, అదీ తనే చెప్పాలి" అంది.

"నేను చెప్పలేనత్తా" అన్నాడు వాడు దారిలో. "అమ్మకైతే అసలే చెప్పలేను. నాన్న మొహం చూస్తే నాకు అబద్ధమే వస్తుంది. అలవాటైపోయింది."

"మొహం చూడకు."

"ఫోనులోనా?"

"ఫోనెందుకు? మన చౌక్‌లో కమాను లేదూ?"

వాడు నడవడం ఆపేశాడు. పెద్ద చౌక్ పక్కన పొదెస్తా భవనం కింద రెండు దారులు కలిసేచోట ఒక కమాను ఉంది. ఒక మూలన గోడకి మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, ఎదురు మూలన గోడకి చెవి పెట్టినవాడికి అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఏమీ వినబడదు. వెనకటికి కుష్ఠురోగులు పాపాలు చెప్పుకుంటే పాదిరీలు దూరం నుంచి ఇలాగే వినేవారని మా అమ్మమ్మ చెప్పేది.

"అక్కడ చెప్పగలవా?" అని అడిగాను.

తల ఊపాడు.

మధ్యాహ్నం వాళ్ళు దిగారు. ఫిలొమేనా గలగలా మాట్లాడే మనిషి. వాళ్ళాయన జెరార్దో మాటకి కరువు. ఆయన రైల్లో వందల మైళ్ళు ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చిన తడిగుడ్డ మూట విప్పితే, లోపల లారెల్ కొమ్మలు. పట్టా వచ్చినవాళ్ళ కిరీటానికి. "కొన్నది ఎందుకండీ, మా పెరట్లోది ఉండగా. నేనే అల్లుతా" అంది ఆవిడ. డొనాటో ఆ కొమ్మలు అందుకుని నీళ్ళ బకెట్లో పెట్టాడు. వాడు అబద్ధాలకి అంతగా ఎలా అలవాటుపడ్డాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆ తల్లిదండ్రుల సంతోషం ముందు నాకే నోరు రాలేదు.

శనివారం ఆలస్యంగానే లేచాం. కాఫీలు తాగాం. "ముందు గోడతో మాట్లాడాలి, మా ఊరి ఆచారం" అని నవ్వుతూ చౌక్‌కి తీసుకెళ్ళాను. నవ్వడం ఎంత కష్టమో నాకే తెలుసు.

"గోడతో నాకు ఇంట్లో రోజూ అలవాటేనండీ" అన్నాడు జెరార్దో.

"ఆ గోడని నేనేలెండి" అంది ఫిలొమేనా.

ఆయన్ని ఒక మూలకి తీసుకెళ్ళి గోడకి చెవి ఆనించి నిలబెట్టాను. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చర్చిలోలాగా. ఎదురు మూలకి డొనాటో వెళ్ళాడు. గోడకి మొహం పెట్టి ఊరుకున్నాడు. ఎంతకీ వాడి తల కదలదు. నేను మధ్యలో ఫిలొమేనా చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. 'చెప్పరా నాయనా, చెప్పు' అని లోపల లోపలే అనుకుంటున్నాను. "వాడేం చెబుతున్నాడండీ వాళ్ళ నాన్నకి?" అని ఆవిడ నవ్వుతూ అడుగుతోంది.

వాడి వీపు వణకడం మొదలైంది. చెబుతున్నాడు. జెరార్దో వైపు చూశాను. ఆయన టోపీ చేతిలో నలిగిపోతోంది. ఒకసారి గోడ నుంచి వెనక్కి తగ్గాడు. వెళ్ళిపోతాడేమోనని నా ప్రాణాలు పోయాయి. పిల్లాడు అక్కడ గోడకి చెబుతూనే ఉన్నాడు, వినేవాడు లేడని వాడికి తెలియదు. నేను అడుగు ముందుకేసేంతలో పెద్దాయన మళ్ళీ వంగి చెవి పెట్టాడు. ఈసారి రెండు చేతులూ గోడకి ఆనించాడు. చివరికి మొహం తిప్పి గోడతో తనూ ఏదో అన్నాడు. నాలుగు మాటలే.

ఆయన ఏమన్నాడో ఆ తర్వాత డొనాటోయే నాకు చెప్పాడు. "మీ అమ్మకి నేను చెబుతా. నువ్వు అక్కడే ఉండు, ఎక్కడికీ పోకు" అన్నాడట.

జెరార్దో మా దగ్గరికి నడిచొచ్చాడు. మొహం బూడిద రంగులోకి తిరిగింది. పెళ్ళాం భుజం మీది సంచీ తను అందుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర వంగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ "అయ్యో నా తండ్రీ" అని ఒక్కసారి అరిచింది, తెల్లబోయిన జనాన్ని తోసుకుంటూ పరిగెత్తింది. ఆమె వెళ్ళి వెనక నుంచి వాటేసుకునేదాకా డొనాటో ఆ మూలలోనే, నాన్న ఉండమన్నచోటే నిలబడి ఉన్నాడు.