లూర్దెస్ నొక్కని ముల్లు

రేవు దగ్గర లూర్దెస్ ఫుర్తాడో కొట్టు పొద్దున ఐదింటికే తెరుచుకుంటుంది. చారల బాస్ చేపలొచ్చే జూన్ నెలంతా ఆవిడకి ఊపిరి సలపదు. జింక తోక వెంట్రుకలూ కోడి ఈకలూ గాలానికి చుట్టి ఎరలు కడుతుంది. కట్టిన ప్రతి గాలం కొనకీ వెనక్కి తిరిగి ఉండే ముల్లుని పట్టకారుతో నొక్కేస్తుంది, పట్టి వదిలేసే చేప నోరు చీరకూడదని. నలభై ఏళ్ళలో ఒక్కటీ మర్చిపోలేదు.

ఆ కొట్లో ఎర ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. పళ్ళెంలో వేలు పెడితే, ఆ రోజుకి ఆ మనిషికి తగిన ఎర పాక్కుంటూ వచ్చి వేలెక్కుతుంది.

ఆ పొద్దున విన్స్‌లో టటిల్ వేలు పెడితే ఒక్కటీ కదల్లేదు.

"ఎర రానివాడు నీళ్ళలో దిగకూడదని నీకు వేరే చెప్పాలా?" అంది లూర్దెస్.

"ఇవాళ మా హెటీ పుట్టినరోజు. బయటి ఇసుక తిన్నె మీద నిలబడి గాలం వేస్తానని, మా ఆవిడ పోయేముందు తనకి మాటిచ్చాను. టోపీకి గుచ్చిన పాత ఎర ఉందిలే. నీళ్ళలో మునిగే గాలపు దారం మాత్రం ఇవ్వు, అక్కడ నీటి లాగుడు జోరు."

"పొగమంచు కళ్ళకి కనబడ్డంలేదూ? అక్కడ పోటు వచ్చి తిన్నె మునుగుతున్నా తెలీదు."

"వస్తే రానీ."

ఆ మాటకి లూర్దెస్ గుండె కలుక్కుమంది. ఈ మనిషంటే ఆవిడకి ప్రాణం. ఆ సంగతి ఊళ్ళో అతనికి తప్ప అందరికీ తెలుసు.

"ఆగు మొండిఘటమా, కొత్తది కట్టి ఇస్తా," అని తన తలలోంచి నాలుగు నెరిసిన వెంట్రుకలు తెంపి గాలానికి చుట్టింది. చాలాసేపు పట్టింది. ముడి బిగించీ బిగించకముందే ఎర చటుక్కున కదిలి, అతని చొక్కా చేతినీ ఆవిడ చొక్కా చేతినీ కలిపి కుట్టేసింది.

విన్స్‌లో లాగి చూశాడు. రాలేదు.

"ముల్లు నొక్కలేదా?"

"మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?"

లూర్దెస్ మొహం కందిపోయింది. "కత్తెర అదుగో. కోసుకుని పో."

అతను కత్తెర అందుకున్నాడు. అప్పుడే రేవు బూర మూడుసార్లు మోగింది. తిన్నె మునిగిపోయిందన్నమాట. విన్స్‌లో ఆ మోత ఆగేదాకా విన్నాడు. తర్వాత ఆవిడ తలలో నెరిసిన వెంట్రుకల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"కాఫీ ఉందా, లూర్దెస్? నీ కాఫీ అంటే హెటీకి ఎంతో ఇష్టం."

"కాచాలి," అంది ఆవిడ.

చొక్కాలు అంటుకునే ఉన్నాయి కాబట్టి ఇద్దరూ కలిసే పొయ్యి దగ్గరికి నడిచారు.